ఎర్రసిరా, ‘దూప’, ఒక పదకోశం

నిబద్ధత గురించి మనం రచయితల విషయంలోనే ఎక్కువగా చర్చిస్తూ వచ్చాం. బడిపంతులు మన సాహిత్యంలో లేకపోలేదు. జీతం చాలని పంతులు మీద జాలి కథలున్నాయి, ఊరిని మేల్కొలిపే పంతులు మీద ఉపన్యాసం లాంటి కథలున్నాయి. కానీ పిల్లవాడు రాసిన వాక్యం మీద ఎర్రసిరా పెట్టే క్షణంలో ఆ పంతులు ఎవరి పక్షాన నిలబడ్డాడన్నది మన విమర్శ పట్టించుకోలేదు. నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ను నేను ఈ ప్రశ్నతోనే చదివాను.

భాస్కర్ 1956లో సిరిసిల్ల ప్రాంతపు నారాయణపూర్‌లో పుట్టారు. తెలుగు అధ్యాపకులు. మలయాళం నుంచి చేసిన ‘స్మారకశిలలు’ అనువాదానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. అనేక భాషల గడప తొక్కిన మనిషి తన ఊరి మాటల్ని ఏరి కూర్చడం యాదృచ్ఛికం కాదు. తరగతి గదిలో ఏ మాటలు తప్పులవుతున్నాయో పంతులుకు తెలిసినంతగా భాషాశాస్త్రజ్ఞుడికి తెలియదు.

నేను జగిత్యాల, కోరుట్ల బడుల్లో తెలుగు చెప్పాను. ఒక బడిలో పిల్లవాడు ‘ఎండల నడిస్తే దూపైంది’ అని రాశాడు. దిద్దిన పంతులు ‘దూప’ను ‘ధూపం’ చేశాడు! ఆయన ఇంట్లో కూడా అందరికీ దూపే అవుతుంది. బడి గడప దాటగానే ఆ మాట ఒక మాటే కాకుండా పోయింది. ఇంకో పిల్ల ‘మా అమ్మ కైకిలి పోతది’ అంటే ‘కూలికి వెళుతుంది’ అని దిద్దారు. ఇలా రెండేళ్లు దిద్దితే పిల్ల వాళ్లమ్మ గురించి రాయడమే మానేస్తుంది. నోటుబుక్కులో గైడు వాక్యాలు మిగులుతాయి.

ఈ ఊళ్లలో తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది, తండ్రి దుబాయిలో ఉంటాడు. సిరిసిల్లలోనైతే పిల్లలు సాంచాల మోతలో నిద్రపోతారు. తునికాకు, కండె, భీము, ఆసామి: ఇవి యాస కోసం అద్దిన రంగులు కావు. ఇంటి కూలి లెక్కలు నడిచేది ఈ మాటల్లోనే.

పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గ్రాంథికంతో పోరాడింది విద్యార్థుల కోసమే. ఆ పోరాటం గెలిచింది. అయితే గెలిచిన వ్యావహారికం కోస్తా చదువుకున్నవాళ్లది. నిజాం కాలంలో ఇక్కడి బడి ఉర్దూలో నడిచింది. హనుమాజిపేట సి. నారాయణరెడ్డి చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. 1956 తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకంలోని వ్యావహారికం ఈ పిల్లల వ్యవహారంలో లేదు. కాళోజీ జీవితమంతా మొత్తుకున్నది దీని గురించే. 2014 నుంచి ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు దండలు వేసినవాళ్లే మర్నాడు ఎర్రసిరా తీయడం కూడా చూశాను.

భాస్కర్ పనిని గౌరవిస్తూనే నాదొక పేచీ. అటు మాట, ఇటు అర్థం అనే పద్ధతిలో ‘కైకిలి’ ఎదుట ‘కూలి’ నిలబడుతుంది. ఎర్రసిరా రాసిందీ అదే! కాకపోతే పదకోశం ఎడమవైపు మాటను కొట్టివేయదు. ఆ తేడా చిన్నది కాదు, కానీ చాలదు. కైకిలిలో గుంపుగా పోయే ఆడవాళ్లున్నారు, నాటు ఉంది, కలుపు ఉంది, పొద్దుగూకేదాకా వంగిన నడుములున్నాయి. పనిచేసేవాళ్ల నోటి వాక్యం పక్కన లేకపోతే ఇదంతా ‘కూలి’లో ఇంకిపోతుంది. మాట ఇంకా బోనులోనే ఉంటుంది, సాక్షి మాత్రం దొరికాడు.

2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం తెచ్చారు. బీడీలు చుట్టే తల్లి దాన్ని కోరుకుంటే తప్పుపట్టే హక్కు మనకు లేదు. మన పిల్లల్ని మనం ఎక్కడ చదివిస్తున్నామో అందరికీ తెలుసు. అయితే ఇప్పుడు దూపా పోయింది, దాహమూ పోయింది. ఇంగ్లీషు వాక్యం రాయించే ముందు ‘మీ ఇంట్ల దీన్నేమంటరు బిడ్డా?’ అని అడిగే పంతుళ్లు కొందరు నాకు తెలుసు. ఈ పదకోశం వాళ్ల బల్ల మీద ఉండాలి. పిల్లలు చెప్పే కొత్త మాటలు, వాటి వాక్యాలతో సహా, దాని అంచుల్లో పెన్సిలుతో ఎక్కుతూ ఉండాలి.