కాపలా ఖర్చు ఎవరిది?

తేనెటీగలు పెంచుదామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: దేశవాళీ ఈగలు మంచివా, ఇటాలియన్ ఈగలా? అడిగేసరికే వాళ్ల దగ్గర లెక్క సిద్ధంగా ఉంటుంది. మన పుట్ట తేనెటీగ పెట్టెకు ఏడాదికి 6-8 కిలోల తేనె వస్తే, ఇటాలియన్ పెట్టెకు 25-40 కిలోలు వస్తుందని శిక్షణ తరగతుల్లో చెబుతారు. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే అందులో ఒక పద్దు రాయడం మరిచిపోతారు. కందిరీగ వచ్చిన రోజు ఆ పెట్టెకు కాపలా ఎవరు?

తేనె తీసే పని ఏడాదిలో కొద్ది రోజులే. మిగతా కాలమంతా పెట్టె ద్వారం వైపు చూస్తూ ఉండటమే పెంపకం అని నా నమ్మకం. అక్కడ కాపలా ఈగలు వచ్చే ఈగల్ని మీసాలతో తడిమి వాసన చూస్తుంటాయి. పరాయి గూటి వాసన తగిలితే గెంటేస్తాయి. కుట్టడం ఆఖరి మార్గం. మనిషినో ఎలుగుబంటినో కుడితే ముల్లు చర్మంలోనే దిగబడిపోతుంది, ఈగ ప్రాణం పోతుంది. కుట్టిన చోట లేచే అరటిపండు వాసన మిగతా ఈగల్ని మీదికి పిలుస్తుంది. పెట్టె తెరిచే ముందు మేం పొగ పట్టేది ఆ వాసనను కప్పేయడానికే.

కందిరీగ విషయం వేరు. దాని ఒంటిపెంకు గట్టిది, ముల్లు అంత తేలిగ్గా దిగదు. అందుకే పుట్ట తేనెటీగలు వేరే విద్య పట్టాయి. కందిరీగ గూటి ముందుకొచ్చి గాలిలో నిలవగానే ద్వారం దగ్గరి ఈగలన్నీ ఒక్కసారిగా ఒళ్లు విదిలిస్తాయి. నిన్ను చూశాం, పో అన్నట్టు. చాలాసార్లు అది వెనక్కి తగ్గుతుంది. తగ్గకుండా మీదికొస్తే వందల ఈగలు దాని చుట్టూ బంతిలా బిగుసుకుని, రెక్కల కండరాలు అదిరించి వేడి పుట్టిస్తాయి. ఈ బంతి లోపల వేడి దాదాపు 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుందని జపాన్‌లో ఇదే జాతి ఈగల మీద మసాతో ఓనో బృందం కొలిచి, 1995లో 'నేచర్' పత్రికలో ప్రచురించింది. అక్కడి రాకాసి కందిరీగ 44-46 డిగ్రీలకే చస్తుంది. ఈగలు 48-50 దాకా ఓర్చుకుంటాయి. ఆ కాస్త తేడా మీదే గూడు నిలుస్తుంది. అదీ ఊరికే రాదు. బంతిలో చేరిన ఈగల ఆయుష్షు తగ్గిపోతుందని 2018లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

ఇటాలియన్ ఈగదీ ఐరోపా జాతే. జపాన్‌కు దిగుమతైన ఐరోపా ఈగలకు ఈ విద్య రాదు. ఒక్కొక్కటే ఎదురెళ్లి ఒక్కొక్కటే తెగిపడతాయి. ముప్పై కందిరీగలు కలిస్తే 30,000 ఈగల గూడు కొన్ని గంటల్లో ఖాళీ అవుతుంది. వాటిని చేతకానివని తీసిపారేయలేం; వాటి పుట్టింట ఆ శత్రువే లేదు మరి. సైప్రస్ ద్వీపంలోని ఈగలదీ ఐరోపా ఈగల జాతే. కానీ తరతరాలుగా తూర్పు కందిరీగ పక్కనే బతికాయి. అది వేడికి అంత తేలిగ్గా లొంగదు. అందుకని దాన్ని చుట్టుముట్టి, పొట్ట మీది శ్వాసరంధ్రాలు మూసి, ఊపిరాడకుండా చంపుతాయి. ఏ ఊరి శత్రువుకు ఆ ఊరి ఈగే విరుగుడు కనిపెట్టుకుంది.

ఇటాలియన్ పెట్టెలు వద్దనను. నా దగ్గరా ఉన్నాయి. వాటికి కావలివాణ్ని నేనే. కందిరీగలు తిరిగే నెలల్లో ద్వారం సన్నం చేస్తాను, పొద్దునా సాయంత్రం బ్యాటు పట్టుకుని నిలబడతాను, చుట్టుపక్కల కందిరీగ గూళ్లు వెతికిస్తాను. పుట్ట తేనెటీగకూ లోపాలున్నాయి. విసుగొస్తే పెట్టె వదిలి లేచిపోతుంది. 1990లలో సాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో దాని గూళ్లను ఊడ్చేసింది. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఏ ఈగకైనా తప్పవు.

అందుకే పెట్టె కొనేముందు రెండు అంకెలు రాసుకోండి: ఎన్ని కిలోల తేనె, ఎన్ని గంటల కాపలా. రోజూ పెట్టె దగ్గరికి వెళ్లే తీరిక లేకపోతే, తేనె తక్కువైనా పుట్ట తేనెటీగనే పెట్టుకోండి.