గుల్లలోని సాక్షి

ముస్తఫా ఖలీఫా అరబ్బీ నవల 'అల్ ఖౌఖఅ'ను తెలుగులో 'గుల్ల' అనవచ్చు. చిక్కంతా ఉపశీర్షికలోని 'ముతలస్సిస్' అనే పదంతోనే. అది 'లిస్స్', అనగా దొంగ, అన్న మాటకు సంబంధించినది. ఆంగ్లానువాదం దానిని 'మరుగున ఉన్న పరిశీలకుడు'గా మెత్తబరచినది. దౌర్జన్యాన్ని కళ్ళారా చూడడానికి సైతం మనిషి దొంగచూపులు చూడవలసి వచ్చెనే అన్న బాధ అందులో మిగలలేదు.

రచయిత 1982 నుండి 1994 వరకు విచారణ లేకుండా సిరియా చెరసాలల్లో మ్రగ్గినవాడు. కథానాయకుడు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన నాస్తికుడు. పారిస్‌లో సినిమా విద్య ముగించుకొని స్వదేశంలో దిగగానే, ముస్లిమ్ బ్రదర్‌హుడ్ సభ్యుడన్న నింద మీద తద్‌ముర్ ఎడారి జైలు పాలవుతాడు. 1980 జూలైలో 49వ నంబరు చట్టం ఆ సభ్యత్వానికే మరణశిక్ష విధించినది. అంతకు కొద్ది రోజుల ముందు, జూన్ 27న, ఆ జైలులోనే వందలాది ఖైదీలను కాల్చి చంపారు. దినచర్యగా సాగే నవల ఈ నేపథ్యాన్ని విప్పి చెప్పదు. కొత్త పాఠకునికి అది లోటే.

జైలులో కాగితం లేదు, కలం లేదు. తోటి ఖైదీలు దివ్య ఖుర్‌ఆన్‌తో పాటు తోటివారి పేర్లనూ కంఠస్థం చేస్తుంటారు. వారిని చూసి ఇతడూ తన దినచర్యను మనసులోనే వ్రాసుకుంటాడు. హిఫ్జ్ అంటే కాపాడడమని మదరసాలో నేర్చుకున్నాము. ఏమేమి కాపాడాలో ఈ నవల గుర్తు చేస్తున్నది.

మనలను ఇరుకున పెట్టే ఘట్టం మరొకటి ఉన్నది. ఇతడు నాస్తికుడని తెలియగానే ఆ ఖైదీలే ఇతనిని వెలివేస్తారు. కొందరు ప్రాణం తీయబోతారు. అడ్డుపడినదీ వారిలోని ఒక షేఖే. పాలకులు కట్టిన గోడ ఒకటి, పీడితులు కట్టిన గోడ మరొకటి. ఈ భాగాన్ని తెలుగులో వదిలివేయరాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగారు. వదిలివేస్తే మిగిలేది మన ఫిర్యాదు మాత్రమే, సాక్ష్యం కాదు. ద్వేషం మనలను న్యాయం నుండి తప్పించరాదన్న సూరె మాయిదా ఆదేశం అనువాదకునికీ వర్తిస్తుంది.

తద్‌ముర్ జైలు 2015లో నేలమట్టమైనది. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలి, సైద్‌నాయా జైలు తలుపులు తెరుచుకున్నాయి. తమవారి జాడ కోసం కుటుంబాలు అక్కడి కాగితాలు వెదికాయి. ఆ కాగితాలలో దొరకని పేర్లకు ఇటువంటి జ్ఞాపకమే ఆధారం. దానిని మనకు అనుకూలంగా కత్తిరించే హక్కు మనకు లేదు.