దేవకికి ఎంతమంది పిల్లలు?

"ఇదే మొదటి కాన్పా?" నెలలు నిండుతున్న మనిషిని ఎవరైనా అడిగే ప్రశ్న. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, స్కానింగ్ సెంటర్లో పేర్లు రాసుకునే అమ్మాయి అడుగుతుంది. జవాబు కోసం కూడా కాదు, ఊరికే మాట కలపడానికి. మొదటి బిడ్డ కడుపులోనే పోయిన స్త్రీ రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు ఈ ప్రశ్నకి ఏం చెప్పాలి? అవునంటే పోయిన బిడ్డ లేనట్టే. కాదంటే "పెద్దవాడికి ఎన్నేళ్లు?" అని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎలిజబెత్ మెక్రాకెన్ రాసిన 'యాన్ ఎగ్జాక్ట్ రెప్లికా ఆఫ్ ఎ ఫిగ్మెంట్ ఆఫ్ మై ఇమాజినేషన్' (2008) నాకు ఈ చిక్కు గురించిన పుస్తకంలాగే అనిపిస్తుంది. పోయిన బిడ్డని ఎలా మర్చిపోవాలని కాదు, ఎలా లెక్కలో ఉంచుకోవాలని.

మెక్రాకెన్ అమెరికన్ రచయిత్రి. 'ది జెయింట్స్ హౌస్' నవలతో పేరొచ్చింది. భర్త ఎడ్వర్డ్ కేరీ ఇంగ్లండ్‌కి చెందిన నవలాకారుడు. ఇద్దరూ ఫ్రాన్స్‌లో ఉంటున్నప్పుడు, 2006లో, తొమ్మిదో నెలలో వాళ్ల మొదటి కొడుకు కడుపులోనే చనిపోయాడు. కడుపులో ఉండగా వాణ్ణి 'పుడ్డింగ్' అని పిలుచుకునేవాళ్లు, మనం బుజ్జిగాడనో చిన్నిగాడనో అనుకున్నట్టు. పోయాక కూడా ఆ పేరే ఉంచుకున్నారు. సుమారు ఏడాదికి అమెరికాలో రెండో కొడుకు పుట్టాడు. ఆ తర్వాత వచ్చిన పుస్తకం ఇది.

చిన్న పుస్తకమే. ఏం జరిగిందో మొదట్లోనే చెప్పేస్తుంది, కాబట్టి ఉత్కంఠ లేదు. రెండు గర్భాల కథా పక్కపక్కన నడుస్తుంది. ఒకదాన్లో ఆశ ఎక్కువ, రెండోదాన్లో భయం ఎక్కువ. నవ్వు కూడా ఉంది. చాలా ఏళ్ల క్రితం ఎవరో ఆవిడ తనతో, బిడ్డని పోగొట్టుకోవడంలోని తేలికపాటి వైపు గురించి రాయమని అడిగిందన్న జ్ఞాపకంతోనే మొదలుపెడుతుంది. ఇంకోచోట, ఎదురైన ప్రతివాళ్లకీ నోటితో చెప్పుకోలేక, నా మొదటి బిడ్డ చనిపోయి పుట్టాడు అని అచ్చు వేయించిన కార్డులు దగ్గరుంచుకుని చేతిలో పెట్టగలిగితే బాగుండేది అనుకుంటుంది. మన రైళ్లలో మాటలు రానివాళ్లు సీట్ల మీద కార్డులు పెడుతూ పోయే దృశ్యం తెలిసినవాళ్లకి ఈ ఊహ ఇట్టే అందుతుంది. అడుక్కోవడం అక్కడ డబ్బు కోసం కాదు. ఒక బిడ్డ ఉండేవాడని ఎదుటివాళ్లు ఒప్పుకోవడం కోసం.

మన దగ్గర ఈ ఒప్పుకోవడమే కష్టం. "వయసుంది కదా, మళ్లీ పుడతార్లే", "ఋణం తీరిపోయింది", "పుట్టి పోతే ఇంకా బాధగా ఉండేది". అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ అన్ని ఓదార్పుల్లోనూ ఒకటే పని జరుగుతుంటుంది: బిడ్డని ఒక సంఘటనగా మార్చేయడం. తెలుగులో 'కడుపు పోయింది' అంటాం, 'బిడ్డ దక్కలేదు' అంటాం. బిడ్డ పోయాడని అనడానికి నోరు రాదు. పసిబిడ్డల్ని దహనం చేయరు, పూడుస్తారు. పెద్దవాళ్లకి చేసే కర్మలేవీ ఉండవు. చాలా ఇళ్లలో తల్లిని అక్కడికి తీసుకెళ్లరు కూడా. పదకొండో రోజూ లేదు, సంవత్సరీకమూ లేదు. అంటే దుఃఖానికి క్యాలెండర్లో ఒక్క తేదీ కూడా లేదు.

నా అభిప్రాయం ఎక్కణ్ణుంచి వస్తోందో మీకు తెలియాలి కాబట్టి ఒక మాట చెప్తాను. మా మొదటి పాప 37వ వారంలో పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజున, నా ఫోన్లో ఉన్న ప్రెగ్నెన్సీ యాప్ ఈ వారం మీ బిడ్డ గుమ్మడికాయంత ఉంటుందని నోటిఫికేషన్ పంపింది. కోడ్ రాసే ఉద్యోగం కాబట్టి దాని మీద కోపం రాలేదు. డ్యూ డేట్ నుంచి వెనక్కి లెక్కేసుకుని మెసేజ్ తీస్తుంది, ఎవరూ చెప్పకపోతే దానికి తెలీదు. మనుషులకి మాత్రం చెప్పాం, అందరికీ తెలుసు. తర్వాత ఇన్సూరెన్స్ ఫారంలో పిల్లల సంఖ్య దగ్గర సున్నా వేశాను. తప్పేం కాదు, ఫారం అడిగింది అదే. కానీ ఆ సున్నా చాలా రోజులు నాతో ఉంది. చట్టం ఇంకో రకంగా లెక్కేస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో జననం అంటే ప్రాణంతో పుట్టినా, చనిపోయి పుట్టినా జననమే. మరణం అంటే మాత్రం ప్రాణంతో పుట్టిన తర్వాత జరిగేదే. చట్టం దృష్టిలో మా పాప పుట్టింది, చనిపోలేదు. ఇన్ని ఓదార్పుల మధ్య నాకు ఆ పొడి వాక్యమే ఎక్కువ మర్యాదగా అనిపించింది.

ఈ పుస్తకం చదువుతున్నప్పుడు పదేపదే గుర్తొచ్చింది దేవకి. కృష్ణుణ్ణి అష్టమ గర్భం అంటాం. ఎనిమిదోవాడు అనగానే అంతకు ముందు ఏడుగురు ఉన్నారనే కదా. ఏడో గర్భం రోహిణికి చేరింది, అతనే బలరాముడు. ఊళ్లోవాళ్లు మాత్రం దేవకికి గర్భం జారిపోయిందనుకుని బాధపడ్డారని భాగవతం చెప్తుంది. మిగిలిన ఆరుగురినీ కంసుడు చంపాడు. కీర్తిమంతుడు, సుషేణుడు, భద్రసేనుడు, ఋజువు, సమ్మర్దనుడు, భద్రుడు అని సంస్కృత భాగవతం నవమ స్కంధంలో వాళ్లకి పేర్లున్నాయి. కృష్ణాష్టమికి ఉయ్యాల కట్టే మనలో ఒక్క పేరైనా తెలిసినవాళ్లు ఎంతమంది?

దేవకి మాత్రం మర్చిపోలేదు. దశమ స్కంధం ఉత్తర భాగంలో, అనిరుద్ధుడి పెళ్లి కథ కూడా అయిపోయాక, ఆవిడ కొడుకుల్ని ఒక కోరిక అడుగుతుంది. గురువు గారి కొడుకుని యముడి దగ్గర్నుంచి తెచ్చారట కదా, నా ఆరుగురినీ ఒకసారి చూపించండి అని. ఆలోచించండి, మునిమనవడికి పెళ్లయిన వయసు ఆవిడది. కొడుకు సాక్షాత్తూ దేవుడు. ఆ కొడుకు ఉండటం ఈ లోటుని పూడ్చలేదు. 'మళ్లీ పుడతార్లే' అన్న ఓదార్పుకి ఇంతకంటే పెద్ద జవాబు నేను చదవలేదు. బలరామకృష్ణులు సుతలానికి వెళ్లి, బలి దగ్గరున్న ఆ పిల్లల్ని తెస్తారు. ఇన్నేళ్లయినా వాళ్లు పసివాళ్లే. దేవకికి పాలు చేపుతాయి. ఒళ్లోకి తీసుకుని పాలిస్తుంది. తాగిన పిల్లలు పూర్వజ్ఞానం కలిగి, అందరికీ నమస్కరించి దేవలోకానికి వెళ్లిపోతారు. వ్యాఖ్యాతలకి ఇది శాపవిమోచన కథ. నేను చదివినప్పుడు మాత్రం కళ్లు ఆగింది ఆ పాల దగ్గరే. బిడ్డ పోయినా మూడో రోజున పాలు పడతాయి, శరీరానికి ఎవరూ చెప్పరు. అది చూసిన ఇళ్లలో ఈ ఘట్టం పురాణంలా వినిపించదు.

ఇలాంటి చర్చల్లో అందరూ తెచ్చే కథ కిసాగోతమిది. చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు, అలాంటి ఇల్లు దొరకలేదు. అందరికీ జరిగేదే అని దీని సారం చెప్తాం. అంకెలు కూడా అదే చెప్తాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 28 వారాలు దాటాక చనిపోయి పుట్టే బిడ్డలు ప్రపంచంలో ఏడాదికి సుమారు 19 లక్షలు. ఆ అంకె చూసి నా బాధ తగ్గలేదు. కానీ ఆ కథలో గోతమి లెక్క చూసుకోలేదు, గడపగడపకీ వెళ్లింది. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు తమ ఇంట్లో పోయిన మనిషి గురించి చెప్పుంటారు. ఆవిణ్ణి నిలబెట్టింది ఆ మాటలేనని నా నమ్మకం. మెక్రాకెన్ కూడా తనకొచ్చిన పరామర్శ ఉత్తరాల గురించి ఇలాగే రాస్తుంది. ఏం రాశారన్నది పెద్ద విషయం కాదు, రాయడమే విషయం.

పుస్తకంతో నాకు పేచీలున్నాయి. రెండో బిడ్డ మొదటి బిడ్డకి బదులు కాదని రచయిత్రి గట్టిగానే చెప్తుంది. కానీ పుస్తకం మనం భరించగలిగేలా ఉండటానికి కారణం ఆ రెండో బిడ్డే. వాడు పుడతాడని ముందే తెలుసు కాబట్టే ధైర్యంగా పేజీలు తిప్పుతాం. రెండో బిడ్డ లేనివాళ్లకి ఇందులో చోటు తక్కువ. అలాగే ఎడ్వర్డ్. మంచి మనిషిగా, తోడుగా కనిపిస్తాడు తప్ప అతని దుఃఖం లోపల్నుంచి తెలీదు. ఆమె జ్ఞాపకాల్లో అది సహజమే. అయినా ఆస్పత్రి బిల్లు కట్టి, సంతకాలు పెట్టి, ఫోన్లు ఎత్తిన మగవాడి పుస్తకం ఇంకెవరైనా రాయాలి.

తెలుగులో ఫెమినిస్టు కవులు ఈ గది దాకా వచ్చారు. కొండేపూడి నిర్మల 'లేబర్‌రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాయకముందు ఆ అనుభవాలకీ కవిత్వంలో చోటు లేదు. ఏడుపు వినిపించని కాన్పు గురించి అంత నేరుగా మాట్లాడే వచనం మనకి ఇంకా కావాలి. అది వచ్చేలోపు మెక్రాకెన్‌ని చదవండి. దుఃఖంలో ఉన్నవాళ్లకి వెంటనే ఇవ్వకండి, వాళ్లు అడిగినప్పుడు ఇవ్వండి. ముందు వాళ్ల పక్కన ఉండేవాళ్లు చదవాలి. చదివాక అలాంటి ఇంటికెళితే, వీలు చూసుకుని, బిడ్డకి ఏం పేరు అనుకున్నారో అడగండి. మాకు ఇద్దరే ఇద్దరు అడిగారు.