ఒకే కీకి రెండు గడువులు

ఓపెన్‌పీజీపీ పద్ధతిలో ఈమెయిళ్లను, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసుకునేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: ఒక ప్రోగ్రాములో నిక్షేపంగా చెల్లుతున్న కీ మరో ప్రోగ్రాములో గడువు తీరిపోయినట్టు కనిపిస్తుంది. కీ సొంతదారు గడువు పొడిగించానంటాడు, అతనికి ఉత్తరం రాయవలసినవారి కంప్యూటరేమో ఆ కీని ముట్టనంటుంది. రెండు ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి చెడిపోయిందనుకోవడం సహజమే కానీ, ఎక్కువ సందర్భాల్లో రెండూ తమ చేతికందిన సమాచారం మేరకు సరిగ్గానే పలుకుతుంటాయి; కాబట్టి తేడా పుట్టిన చోటు తెలియాలంటే గడువు తేదీ అసలు ఎక్కడ రాసి ఉంటుందో ముందు చూడాలి.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో ఈ పద్ధతికి మూలమైన పీజీపీని విడుదల చేసిన తరువాత వాడుకలోకి వచ్చిన పాత తరం కీలలో, అంటే మూడో వెర్షన్ కీలలో, చెల్లుబాటు కాలాన్ని రోజుల లెక్కన కీ ప్యాకెట్‌లోనే రెండు బైట్లలో రాసేవారు. దాన్ని మారిస్తే ఆ కీ మీద ఇతరులు చేసిన సంతకాలన్నీ చెల్లకుండా పోయేవి. 1998 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2440, దాని స్థానంలో 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4880 వివరించిన నాలుగో వెర్షన్ ఈ కాలాన్ని కీ లోంచి తీసి స్వీయ సంతకంలో పెట్టింది. స్వీయ సంతకం అంటే సొంతదారు తన పేరునూ ఈమెయిల్ చిరునామానూ తన కీకి ముడిపెడుతూ, ఆ కీతోనే చేసే సంతకం. అందులోని ఉపప్యాకెట్లనే చిన్న చిన్న గళ్లలో తొమ్మిదో రకానిది గడువును చెబుతుంది. కీని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింట్‌ను కీ లోని అంకెల నుంచీ అది పుట్టిన క్షణం నుంచీ లెక్కగడతారు కాబట్టి, గడువు ఎన్నిసార్లు మార్చినా ఫింగర్‌ప్రింట్ మారదు, ఇతరులు ఆ కీ మీద పెట్టిన నమ్మకమూ చెదరదు. ఈ సంప్రదాయంలోని గొప్పతనమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది. చిక్కులు పుట్టేదీ ఇక్కడే.

గడువు పొడిగించడమంటే పాత తేదీని చెరిపి కొత్తది రాయడం కాదు, మరో స్వీయ సంతకం చేసి పాతదాని పక్కన చేర్చడం. ఒక మనిషి వేర్వేరు సంవత్సరాల్లో రాసిన వీలునామాల్లో చివరిదే చెల్లినట్టు, ఇక్కడా చివరి సంతకమే చెల్లాలి. అయితే చివరిది చేతికందనివారు అంతకుముందుదాన్నే పట్టుకుని ఉంటారు. పైగా ఒకే కీ మీద అనేక స్వీయ సంతకాలు ఉన్నప్పుడు ఆ సందిగ్ధాన్ని ఏ ప్రోగ్రాము ఎలాగైనా పరిష్కరించుకోవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 4880 అనుమతించి, అన్నిటికంటె తాజాదానికి ప్రాధాన్యమివ్వడం మంచిదని సిఫారసు మాత్రమే చేసింది. ఒక కీకి రెండు మూడు ఈమెయిల్ చిరునామాలు ఉండి, ఒక్కోదాని సంతకంలో ఒక్కో గడువు మిగిలిపోయిన సందర్భంలో ఈ స్వేచ్ఛ ఫలితం బయటపడుతుంది.

తొమ్మిదో ఉపప్యాకెట్‌లో ఉండేది తేదీ కాదు, కీ పుట్టిన క్షణం నుంచి ఎన్ని సెకన్లు చెల్లుతుందనే సంఖ్య. రెండేళ్లంటే 730 రోజులు, అంటే 6,30,72,000 సెకన్లు. మధ్యలో లీపు సంవత్సరం వస్తే పుట్టినరోజుకు ఒక రోజు ముందే గడువు తీరుతుంది. 2023 మార్చి 1న రెండేళ్లకు తయారైన కీ 2025 ఫిబ్రవరి 28న చెల్లకుండా పోవడానికి కారణం ఇదే. సమయ మండలాల వల్ల కూడా తేదీ మారుతుంది: డిసెంబరు 31 రాత్రి 8 గంటలకు, అంతర్జాతీయ సమయం ప్రకారం ముగిసే కీ, భారత సమయం చూపే తెర మీద జనవరి 1 తెల్లవారుజాము ఒకటిన్నరకు ముగుస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు తెరల మధ్య ఒక్క రోజు తేడా మాత్రమే ఉంటే ముందుగా అనుమానించవలసింది ఈ లెక్కనే. మూడో రకం ఉపప్యాకెట్ చెప్పేది మరో సంగతి: అది కీ గడువు కాదు, ఆ సంతకం గడువు. ఈ రెంటినీ కలగాపులగం చేసుకున్నవారు ఎంత వెతికినా దారి దొరకదు.

అన్నిటికంటె ఎక్కువమందిని తిప్పలుపెట్టేది ఉపకీ. సాధారణంగా ప్రధాన కీ సంతకాలకు, దానికి అనుబంధమైన ఉపకీ ఎన్‌క్రిప్షన్‌కు వాడతారు. ఉపకీకి తన గడువు తనదే, దాన్ని చెప్పే సంతకమూ వేరే. వెర్నర్ కోఖ్ రూపొందించిన గ్నూపీజీ అనే ప్రోగ్రాములో ఎడిట్-కీ ఆదేశంలోకి వెళ్లి, ఉపకీని ఎంచుకోకుండా ఎక్స్‌పైర్ అని టైపు చేస్తే ప్రధాన కీ గడువు ఒక్కటే పెరుగుతుంది. ఆ కీతో చేసిన సంతకాలు చక్కగా చెల్లుతుంటాయి, ఉత్తరం పంపబోయినవారికి మాత్రం పబ్లిక్ కీ వాడకానికి పనికిరాదన్న సందేశం వస్తుంది. లిస్ట్-ప్యాకెట్స్ ఆదేశం ఇచ్చి, ప్రతి సంతకం ఏ రోజుదో, దానిలోని తొమ్మిదో ఉపప్యాకెట్ ఏ కాలం చెబుతున్నదో వరుసగా చదివితే ఈ లోపం వెంటనే తేలుతుంది. ఓపికతో కూడిన పనే అయినా ఇంతకంటె నమ్మదగిన పరీక్ష లేదు.

కీ సవ్యంగానే ఉన్నప్పుడు చూడవలసింది దాని నకళ్లను. ఈమెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ ఒకప్పుడు ఎనిగ్‌మెయిల్ అనే అనుబంధం ద్వారా గ్నూపీజీ మీద ఆధారపడేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఆర్‌ఎన్‌పీ అనే లైబ్రరీతో సొంత కీరింగ్‌ను, అంటే కీల భాండాగారాన్ని, విడిగా నడుపుకుంటున్నది. గ్నూపీజీలో పొడిగించిన కీని ఎగుమతి చేసి థండర్‌బర్డ్‌లోకి మళ్లీ దిగుమతి చేస్తే తప్ప దానికి కొత్త గడువు తెలియదు. 2019లో మొదలైన కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ సర్వర్‌ది మరో రకమైన సమస్య: సొంతదారు ధ్రువీకరించని చిరునామాలను అది కీ నుంచి తొలగించి ఇస్తుంది, చిరునామా లేని కీని గ్నూపీజీ స్వీకరించదు, కాబట్టి సర్వర్‌కు పంపామన్న భరోసాతో ఊరుకుంటే కొత్త సంతకం అవతలివారికి చేరకపోవచ్చు. కీని స్మార్ట్‌కార్డులో దాచుకున్నవారు కార్డును మార్చవలసిన పనేమీ లేదు, దానిలో గడువు ఉండదు.

గడువు తీరిన కీతో పాత ఉత్తరాలను విప్పుకోవచ్చు, దాని గడువును తరువాతనైనా పొడిగించవచ్చు. ఆదాయపు పన్ను రిటర్నులకూ కంపెనీల దాఖలాలకూ భారతదేశంలో వాడే డిజిటల్ సంతకాల సర్టిఫికెట్లకు ఈ వెసులుబాటు లేదు. వాటిలో తేదీని రాసేది సర్టిఫికెట్ జారీ చేసిన సంస్థ కనుక, గడువు ముగిస్తే కొత్త సర్టిఫికెట్ తీసుకోవలసిందే. ఓపెన్‌పీజీపీలో తేదీ సొంతదారు మాట. ప్రైవేట్ కీ పోగొట్టుకున్న మనిషి రద్దు పత్రం కూడా సిద్ధం చేసి ఉంచుకోకపోతే, ఆ కీని వాడుకలోంచి తప్పించేది గడువు ఒక్కటే. ఏడాదికో రెండేళ్లకో గడువు పెట్టుకోవడం అందుకే మేలు. అయితే ప్రధాన కీ దొంగ చేతికి చిక్కితే వాడు కూడా అదే కీతో గడువును పొడిగించగలడు. అప్పుడు సొంతదారు కీ దొంగిలించబడిందన్న కారణం చూపి రద్దు సంతకం చేసి పంచాలి. ఆ రద్దును ఆ తరువాత చేసే ఏ స్వీయ సంతకమూ తిరగరాయలేదు.