మోసేది ఒకటి, తిప్పేది ఒకటి

మా ఇంట్లో పుస్తకాల అరలో ఒక ఇనుప ముక్క ఉంటుంది. జానెడు పొడవు, రోకలి పొన్నంత లావు. ఒక కొస నున్నగా ఉంటుంది, రెండో కొస విరిగింది. చుట్టపక్కాలు వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేందని అడుగుతారు. పికప్ బండి వెనక యాక్సిల్ రాడ్డు ముక్క అది. 1998 ఎండాకాలం నుంచీ నా దగ్గరే ఉంది.

ఆ ఏడాది మా ఊరి శివాలయానికి నందిని చెక్కించాం. ఆళ్లగడ్డ శిల్పుల చేతి పని సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకు నేను చెప్పాల్సింది లేదు. రోడ్డు పక్కన పాకల్లో ఉలి చప్పుడు వినకుండా ఆ ఊరు దాటలేం. ఇప్పుడు ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మా నంది పెద్దదేం కాదు, మూడడుగుల పొడవు. కానీ రాయి రాయే. ఘనపుటడుగు డెబ్బై ఐదు, ఎనభై కిలోలు తూగుతుంది. నందిని ఎక్కించాక బండిలో చోటు మిగిలిందని, గుడి ముందు పరచడానికి నాపబండలు కూడా వేశాం. వాటి మీద ఎనిమిది మంది మనుషులం ఎక్కాం. శిరివెళ్ల దాటాక బండి ఒక్కసారిగా ఎడమకు ఒరిగింది. ఏమైందో అర్థమయ్యేలోపే మా వెనక చక్రం మమ్మల్ని దాటుకుని ముందుకు దొర్లిపోయింది. చెనిక్కాయ చేలో పడి, చాలా దూరం పోయి, పడిపోయే ముందు గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. నంది చెవి కొస మాత్రం చిట్లింది. శిల్పి వచ్చి సరిచేసి వెళ్లాడు.

బండిని నంద్యాలకు లాక్కుపోయి నూనెపల్లె వైపున్న ఒక షెడ్డులో పెట్టాం. అక్కడి మేస్త్రీ పెద్దాయన, అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన విరిగిన రాడ్డును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, విరిగిన ముఖాన్ని ఎండకు తిప్పి పట్టుకున్నాడు. "చూడు సామీ, ఇది ఈ పొద్దు ఇరిగింది కాదు" అన్నాడు. ముఖంలో సగానికి పైగా నున్నగా, నల్లబారి ఉంది. అందులో చెరువు ఒడ్డున నీళ్లు తగ్గినప్పుడు మిగిలే చారల్లాంటి సన్నటి గీతలు, ఒకదాని వెనక ఒకటి. మిగతా భాగం పటికబెల్లం విరిచినట్టు గరుకుగా, తళతళా మెరుస్తోంది. నున్నటి భాగం నెలల తరబడి కొంచెం కొంచెంగా పగిలిందట. రెండు పగుళ్ల ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని రాసుకుని అట్లా నున్నబడ్డాయి. మెరిసే భాగం మాత్రమే శిరివెళ్ల దగ్గర విరిగింది. అంటే చాలా రోజులుగా మేం సగం రాడ్డు మీదే తిరుగుతున్నాం.

ఇనుము ఇట్లా విరగడాన్ని మొదట చూసింది మన మేస్త్రీలు కాదు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయి నుంచి పారిస్ వస్తున్న రైలింజన్ ఇరుసు విరిగి, పెట్టెలకు నిప్పంటుకుని ఎంతోమంది చనిపోయారు. మోయగలిగిన బరువే మోస్తూ మోస్తూ ఇనుము ఎందుకు విరుగుతుందన్న ప్రశ్న ఆ తర్వాత ఐరోపా ఇంజనీర్లను పట్టుకుని వదల్లేదు. జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులనే తీసుకుని, బరువు వేలాడదీసి తిప్పుతూ, ఎంత బరువుకు ఎన్ని తిరుగుళ్లకు విరుగుతుందో ఏళ్ల తరబడి లెక్కగట్టాడు. భాయ్ ఆయన పేరు విని ఉండడు. చెప్పింది మాత్రం అదే.

మా బండిలో తప్పెక్కడుందో అడిగాను. ఆయన చెప్పిన పోలిక నేను ఎన్నో చోట్ల వాడుకున్నాను. "నెత్తిన బియ్యం మూట పెట్టి తిరగలి తిప్పమంటే ఎన్నాళ్లు తిప్పుతావు?"

చిన్న బండ్లలో వెనక యాక్సిల్ రాడ్డు రెండు పనులు చేస్తుంది. క్రౌన్ అనే పళ్లచక్రం నుంచి వచ్చే తిరుగుడును చక్రానికి అందిస్తుంది, బండి బరువును కూడా చక్రం దగ్గర తనే మోస్తుంది. మోస్తూ తిరుగుతుంది కాబట్టి ప్రతి చుట్టుకూ ఒకసారి కిందికీ ఒకసారి పైకీ వంగుతుంది. కంటికి కనబడనంత వంపే. కానీ ఆ చక్రం ఒక చుట్టు తిరిగితే బండి పోయేది రెండు మీటర్ల పైచిలుకు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్లు వేసుకుంటే ఒక్క ప్రయాణానికి పద్దెనిమిది వేల వంపులు. రోజూ పోయి వచ్చే బండికి నెలకు పది లక్షలు దాటతాయి. దీన్ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. రాడ్డు విరిగితే చక్రం కూడా దాంతో పాటే పోతుంది, మా చక్రం పోయినట్టు.

లారీలో అట్లా కాదు. అక్కడ బరువంతా హౌసింగ్ అనే గొట్టం మోస్తుంది. హౌసింగ్ కొసన రెండు బేరింగుల మీద హబ్బు కూర్చుంటుంది, హబ్బుకు చక్రాలు బిగిస్తారు. యాక్సిల్ రాడ్డు హౌసింగ్ లోపల ఖాళీలో ఉండి తిప్పడం ఒక్కటే చేస్తుంది. ఒక్క కిలో కూడా మోయదు. దాన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. రాడ్డు విరిగినా బండి నిలబడిపోతుందంతే, చక్రం ఊడదు. జాకీ కూడా ఎత్తకుండా, చక్రం మధ్యలో గుండ్రంగా ఉన్న బోల్టులు విప్పి రాడ్డును బయటికి లాగి కొత్తది దూర్చేయొచ్చు.

భాయ్ ఇది చెబుతుంటే నాకు మా జేజినాయన ఎద్దులబండి గుర్తొచ్చింది. ఇరుసు తిరగదు, మోస్తుంది. చక్రం దాని మీద తిరుగుతుంది. లాగే పని ఎద్దులది. చక్రం ఊడకుండా కొసన శీల. ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి ఆయన కందెన చేసుకునేవాడు, పొద్దున్నే బండి కట్టే ముందు శీల తీసి, చక్రాన్ని బెత్తెడు బయటికి జరిపి ఇరుసుకు పూసేవాడు. ఇరుసు ఎన్నేళ్లయినా అరిగేదే గానీ అట్లా లోలోపల పగిలి విరిగేది కాదు. లారీ హౌసింగ్‌లో నాకు కనిపించింది ఆ ఇరుసే. దాని కడుపును తొలిచి, ఎద్దులను లోపలికి పంపినట్టుంది.

గట్టి యాక్సిల్ కావాలని వచ్చే రైతులు సాధారణంగా అడిగేది లావు గురించే. లావుకు విలువ ఉంది, తక్కువది కూడా కాదు. ట్రాలీకి వేసే చదరపు కడ్డీని రెండున్నర అంగుళాల నుంచి మూడు అంగుళాలకు పెంచితే, పెరిగింది అర అంగుళమే అనిపిస్తుంది. కానీ వంపుకు తట్టుకునే బలం లావును మూడుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది. 1.2ను 1.2తో, మళ్లీ 1.2తో గుణిస్తే 1.73. అంటే అర అంగుళానికి డెబ్బై మూడు శాతం ఎక్కువ బలం. గుండ్రటి రాడ్డు మెలికకు తట్టుకునేదీ ఇదే లెక్క. ట్రాలీ చేయించేవాళ్లు కొంచెం డబ్బు మిగులుతుందని కడ్డీ తగ్గించడం చూస్తే నాకు బాధేస్తుంది. అయినా లావు కంటే ముందు అడగాల్సిన మాట, ఈ బండిలో బరువు ఎవరి మీద ఉంది అని.

ఈ ప్రశ్న ఆటలోనూ వస్తుంది. అమెరికాలో డెమాలిషన్ డెర్బీ అని ఒక ఆట ఉంది. అక్కడి జిల్లా జాతరల్లో పాత కార్లను, పికప్ ట్రక్కులను బురద మైదానంలోకి దించి ఒకదాంతో ఒకటి గుద్దిస్తారు. ఆఖరికి కదలగలిగే బండి ఏది మిగిలితే దానిది గెలుపు. దాన్ని గురించి చదివినప్పుడు నన్ను నిలబెట్టింది గుద్దుకోవడం కాదు, అందులో దిగేవాళ్లు వెనక యాక్సిల్ కోసం పడే తపన. రేడియేటరు, ఇంజను ముందుంటాయి కనుక వాటిని కాపాడుకోవడానికి ఎక్కువగా రివర్సులోనే వెళ్లి గుద్దుతారు. దెబ్బలన్నీ వెనక చక్రాల చుట్టూ పడతాయి. పక్కనుంచి ఒక్క గుద్దు పడితే మోస్తూ తిప్పే రాడ్డు వంగిపోతుంది. అందుకని చిన్న బండి కింద పెద్ద బరువు ట్రక్కుల ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిళ్లు తెచ్చి వేసుకుంటారు. పదిన్నర అంగుళాల క్రౌన్ ఉన్న జనరల్ మోటార్స్ పద్నాలుగు బోల్టులది, తొమ్మిదిముప్పావు అంగుళాల క్రౌన్ ఉన్న డానా 60 అట్లా పేరుపడ్డవి. శిరివెళ్ల దగ్గర చేతికందిన పాఠమే వాళ్లకు ఆ మైదానంలో అందింది.

వాళ్లు ఇంకొక పని చేస్తారు. రెండు చక్రాలకూ తిరుగుడును పంచే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలను వెల్డింగ్ చేసి రెండు చక్రాలనూ ఒకటే చేసేస్తారు. లేకపోతే బురదలో ఒక చక్రం జారితే శక్తంతా దానికే పోయి రెండోది ఊరికే ఉండిపోతుంది. మన నల్లరేగడిలో వానాకాలం ట్రాక్టరు దిగబడినప్పుడు జరిగేదీ ఇదే. మన ట్రాక్టర్లకు దానికోసమే మడమ కింద లాక్ పెడలు ఉంటుంది. తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బయటపడగానే కాలు తీసేయాలి. తొక్కిపెట్టే మళ్లిస్తే ఆ మెలికంతా రాడ్డుల మీదికి వస్తుంది. కుందూ నది పక్క పొలాల్లో మడిలోంచి గట్టు మీదికి మళ్లిస్తూ కాలు తీయడం మరిచిన కుర్రాళ్ల రాడ్డులు భాయ్ షెడ్డులో చూశాను. పళ్లన్నీ జిలేబీ చుట్టలా మెలి తిరిగి ఉన్నాయి. అవి విరగడం వేరు, మా రాడ్డు విరగడం వేరు. మెలి తిరిగితే ఒక్కసారిగా మితిమీరిన బలం పడ్డట్టు. చారలుంటే రోజూ కొంచెం ఎక్కువ బరువు మోసినట్టు.

నంద్యాల, ఆళ్లగడ్డల్లో బండలాగుడు పోటీలకు పోయినవాళ్లు ఒంగోలు ఎడ్ల బలం చూస్తారు. నేను బండ కింద చూస్తాను. దానికి చక్రం లేదు, ఇరుసు లేదు. మోయడానికి నేల తప్ప ఏమీ లేదు. అందుకే ఎద్దుల మెడలు అట్లా బిగుసుకుంటాయి, గిట్టలు నేలలో దిగబడతాయి. వాటికి ఇరుసు చేసే మేలేమిటో తెలియాలంటే అక్కడ పది నిమిషాలు నిలబడితే చాలు.

భాయ్ దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నాను. మా పికప్‌కు లావు రాడ్డు వేయమని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "రాడ్డు గట్టిదేస్తా. అప్పుడు క్రౌన్ పళ్లు రాలతాయి. క్రౌన్ మారిస్తే జాయింట్ క్రాస్ పోతుంది. యాడో ఒకచోట ఇరుగుతుంది సామీ, యాడ ఇరగాలో నువ్వు చెప్పు." చవకగా దొరికేది, విరిగినా మనిషికి హాని చేయనిది ముందు పోవాలని ఆయన లెక్క. ఫుల్ ఫ్లోటింగ్ బండిలో యాక్సిల్ రాడ్డు అట్లాంటి వస్తువే. సెమీ ఫ్లోటింగ్‌లో అదే ప్రాణం తీస్తుంది. పైగా రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన నమూనాను ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. డెర్బీ మైదానంలో చెల్లేది హైవే మీద చెల్లదు. యాక్సిల్‌ను ఎంచుకోవడం బండి కొనే రోజే జరిగిపోవాలి.

కొనేటప్పుడు చూడటం కష్టం కాదు. వెనక చక్రం నడిమధ్యలో చూడండి. బోర్లించిన చెంబులా హబ్బు బయటికి పొడుచుకొచ్చి, దాని ముఖం మీద గుండ్రంగా బోల్టులుంటే మోసేది హౌసింగ్. ఏమీ పొడుచుకురాకుండా చదునుగా ఉంటే మోసేది రాడ్డే. అది చెడ్డ బండని కాదు, దానికి రాళ్లు ఎక్కించొద్దని. పాత లారీ కొంటుంటే వెనక టైర్ల లోపలి అంచు తడిమి చూడండి. బయటి అంచు కన్నా అది ఎక్కువ అరిగితే హౌసింగ్ కొసలు పైకి వంగి ఉండొచ్చు. ఆ బండి చాలాకాలం ఓవర్‌లోడు మోసిందన్నమాట.

ఓవర్‌లోడు సంగతికి వస్తే, 2018 జూలైలో కేంద్రం లారీల బరువు పరిమితులను పెంచింది. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నులు ఉన్నది 11.5 అయింది. ఆరు చక్రాల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులు. పెంచింది కాగితం మీద. అంతకు ముందే తయారై తిరుగుతున్న బండి కింద ఇనుము ఆ రోజు కూడా పాత ఇనుమే. కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నుంచి నాపబండలు వేసుకొచ్చే లారీలు స్పీడు బ్రేకరు దగ్గర మూలిగినప్పుడల్లా నాకు ఆ చారలే గుర్తొస్తాయి.

పోయిన నెల ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల ముందు ఆగాను. ఆరడుగుల అమ్మవారి విగ్రహం, పీఠంతో కలిపి రెండు టన్నులకు తగ్గదు. చైన్ పుల్లీతో ఎత్తి, గడ్డి పరిచిన లారీలో దించుతున్నారు. గొలుసు వదులవగానే కమాన్ పట్టీలు ఒక్కసారి కిందికి దిగి, మెల్లగా నిలబడ్డాయి. వెనక చక్రం దగ్గరికి పోయి చూశాను. హబ్బు బయటికే ఉంది. బోల్టులు లెక్కపెడితే తొమ్మిది, పదో చోట ఖాళీ రంధ్రం. అందులో దుమ్ము కూడా పేరుకుంది. డ్రైవరబ్బాయిని పిలిచి వేలు పెట్టి చూపించాను. వాడు వంగి చూసి, మారుమాట లేకుండా క్యాబిన్ ఎక్కి పానాల పెట్టె దించాడు. బోల్టు దొరికేదాకా అమ్మవారు గడ్డి మీద అట్లే కూర్చుంది.