ప్యాకింగు గోపురము: ఉపరితలమా, ఖాళీయా?

స్పర్శా విధానమున గంధకికామ్లము తయారగు పాఠము చెప్పునపుడు నల్లబల్లపై ఒక గోపురము బొమ్మ గీయుట పరిపాటి. దానిలో చిన్న చిన్న సున్నలు చుట్టి, "గోపురమును ప్యాకింగుతో నింపుదురు, దాని వలన ఉపరితలము పెరుగును" అని చెప్పి పాఠము ముందుకు సాగును. విద్యార్థి ఆ వాక్యమునే పరీక్షలో వ్రాయును, మార్కులును వచ్చును. ఆ వాక్యము అబద్ధము కాదు. కాని సగము నిజము మాత్రమే. ఉపరితలమే కావలసినచో గోపురములో ఇసుక పోసిన చాలును గదా! ఇసుకను కాదని ఆ సున్నల ఆకారము కొరకు ఇంజనీర్లు నూరేండ్లకు పైగా ఎందుకు శ్రమించిరో ఆ వాక్యము చెప్పదు.

ఇది ఎక్కడో దూరముననున్న విషయమని తలచుట సరికాదు. బాపట్లకు సమీపమున కర్లపాలెంలో వరిచేనికి చల్లు యూరియాకు అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు కావలెను. సహజవాయువును నీటి ఆవిరితో చర్య జరిపించగా ఉదజనితో పాటు బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ మిశ్రమమును గోపురము అడుగునుండి పైకి పంపి, పైనుండి పొటాషియం కార్బొనేటు ద్రావణమునో, అమీను ద్రావణమునో క్రిందికి జారవిడుతురు. ద్రావణము బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. ఉదజని పైకి సాగిపోవును. పీల్చుకొన్న వాయువును వేరొక గోపురములో వేడిచే విడదీసి యూరియాకు వాడుదురు. 1992లో కాకినాడయందు నాగార్జున కర్మాగారము, 2021లో రామగుండమునందలి కొత్త కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది ఈ సహజవాయువు ఆధారముననే. 1967లో విశాఖపట్నమున ఉత్పత్తి మొదలిడిన కోరమాండల్ ఎరువుల కర్మాగారము వంటి వాటికి గంధకికామ్లము అవసరము. ఆ ఆమ్లపు తయారీలో గాలిని ఆరబెట్టుటకును, సల్ఫర్ ట్రై ఆక్సైడును 98 శాతపు ఆమ్లములో శోషింపజేయుటకును ప్యాకింగు గోపురములే ఆధారము.

ఇక పాఠములోని వాక్యమును పరీక్షింపవలెను. ఒక మీటరు భుజముగల ఘనపు రాయికి ఉపరితలము 6 చదరపు మీటర్లు. దానిని సెంటీమీటరు భుజముగల ఘనములుగా కోసినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. ముక్క చిన్నదైన కొలది ఉపరితలము పెరుగునని దీనివలన తేలినది. కాని ముక్కల నడుమ సందులును అంతకంతకు ఇరుకగును. క్రిందికి దిగవలసిన ద్రవమునకు, పైకి ఎక్కవలసిన వాయువునకు దారి ఆ సందులే. ఇరుకు సందులో వాయువు వేగము హెచ్చినచో ద్రవము దిగలేక పైననే నిలిచిపోవును. దీనినే గోపురము మునుగుట అందురు. మునిగిన గోపురములో ఉపరితలము ఎంత ఉన్నను ఏమి ప్రయోజనము?

ఈ మునుగుటను 1938లో షెర్వుడ్, షిప్లే, హాలోవే అను అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కకు లొంగదీసిరి. వారి లెక్కలో ఘనపు మీటరు ప్యాకింగునకుగల ఉపరితలమును, ఖాళీ భాగము యొక్క ఘనముతో భాగింతురు. ఈ భాగఫలము పెరిగిన కొలది గోపురము త్వరగా మునుగును. అనగా ఈ విషయమున ఉపరితలము శత్రువు, ఖాళీ మిత్రుడు. ఆ మిత్రునికి బలము మూడవ ఘాతములో కలదు. కంకర రాళ్ళ కుప్పలో ఖాళీ సుమారు 45 శాతము; పింగాణీ ఉంగరముల కుప్పలో సుమారు 74 శాతము. ఉపరితలము సమానమే అనుకొన్నను, 74ను 45తో భాగించి ఘనము చేసినచో సుమారు నాలుగున్నర వచ్చును. ఆ లెక్కలో వాయువేగము వర్గముగా వచ్చును గనుక ఉంగరముల గోపురము రెండు రెట్లకు పైగా వేగమును ఓర్చుకొనును. పదవ తరగతి విద్యార్థికి ఈ లెక్క కష్టము కాదు.

ప్యాకింగు చరిత్రను ఈ దృష్టితో చూచిన ఒక్కొక్క ఆకారపు గుణదోషములు తేటపడును. 1836లో ఇంగ్లండున విలియం గాసేజ్ పాడుబడిన గాలిమరను ముళ్ళకంపతో, ఎండు కొమ్మలతో నింపి, సోడా కర్మాగారపు హైడ్రోజన్ క్లోరైడు వాయువును నీటిలో కరగించెను. అంతవరకు ఆ వాయువు చుట్టుప్రక్కల చెట్టుచేమలను మాడ్చుచుండెను. 1863 నాటి ఆల్కలీ చట్టము ఆ వాయువులో 95 శాతమును పట్టి తీరవలెనని శాసించినది. కంపలో ఖాళీ పుష్కలము, మన్నిక తక్కువ. తరువాత వచ్చిన కోకు, రాళ్ళు మన్నినవి. కాని దారులను మూసినవి.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభమున జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రాషిగ్ ఎత్తు, వ్యాసము సమానముగానున్న గుల్ల ఉంగరమును ప్రవేశపెట్టెను. దీని గొప్పతనము ఉపరితలములో ఉన్నదని చెప్పుదురు. లెక్క వేసి చూచిన వేరుగా తేలును. ఎత్తు, వ్యాసము సమానమైన గట్టి స్తూపపు ఉపరితలము 1.5 పై వ్యాసవర్గము. దానిని పలుచని గుల్ల చేసినచో లోపల, వెలుపల కలిపి 2 పై వ్యాసవర్గము. పెరిగినది మూడవ వంతు మాత్రమే. కాని గట్టి ముక్క ఆక్రమించిన చోటు దాదాపు అంతయు దారిగా మారినది. రాషిగ్ కనిపెట్టినది ఉపరితలమును కాదు, ఖాళీని.

రాషిగ్ ఉంగరమునకును లోపము కలదు. వాయు ప్రవాహమునకు అడ్డముగా పడిన ఉంగరపు లోపలి గోడలకు వాయువు సరిగా తగలదు. ఎర్నెస్ట్ బెర్ల్ గుర్రపు జీను ఆకారమును తెచ్చి ఈ చాటును తొలగించెను. బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో పుట్టిన పాల్ ఉంగరము మరియొక ఉపాయము: గోడలో కిటికీలు కోసి, కోసిన రేకును పారవేయక నాలుకలుగా లోపలికి వంచిరి. రేకు అంతే, ఉపరితలము అంతే. దారులు మాత్రము పెరిగినవి. 25 మిల్లీమీటర్ల లోహపు పాల్ ఉంగరముల కుప్పలో ఖాళీ సుమారు 94 శాతము.

స్విట్జర్లాండు సుల్జర్ సంస్థ 1960 తరువాత తీగవలతోను, 1970 తరువాత ముడుతల రేకులతోను క్రమబద్ధమైన ప్యాకింగును తయారుచేసినది. ఘనపు మీటరుకు 250 చదరపు మీటర్ల ఉపరితలముండియు ఖాళీ 97 శాతమునకు తగ్గనిది కలదు. శూన్యపీడన స్వేదనమునకు ఇది వరము. అట్లని అన్నిటికి ఇదే మేలనుట పొరపాటు. వెల ఎక్కువ; మడ్డి పేరుకొనిన శుభ్రము చేయుట కష్టము; అధిక పీడనమున, ద్రవభారము హెచ్చుగానున్న స్వేదనములో ఆశించిన ఫలము ఈయకపోవుట కలదు.

ఖాళీయే సర్వస్వమనుటయు సగము నిజమే యగును. ఖాళీ గొట్టములో ద్రవము గోడవెంట జారిపోవును, వాయువు నడుమనుండి పోవును, రెండును కలియవు. ద్రవమును పలుచగా పరచుచు, విడదీయుచు, మరల కలుపుచు, అయినను దారి మూయకుండుటయే ప్యాకింగు పని. అందువలననే పైన ద్రవమును సమముగా పంచు అమరిక లేనిచో మేలైన ప్యాకింగు కూడ విఫలమగును. ఉపరితలము, ఖాళీ అను రెండంకెలు ఆకారమును పూర్తిగా పట్టలేవు గనుక ఇంజనీర్లు ప్రతి ప్యాకింగును ప్రయోగముచే కొలుచుచున్నారు.

ఈ కొలత పాఠశాలలోను సాధ్యమే. పెరటి బొప్పాయి ఆకుకాడను దాని లావంత పొడవు ముక్కలుగా కోసినచో రాషిగ్ ఉంగరములు సిద్ధము. లీటరు డబ్బాలను రెంటిని తీసికొని, ఒకదానిలో కంకర, వేరొకదానిలో ఈ ముక్కలు నింపవలెను. ముక్కలు తేలకుండ పైన వల అదిమి, డబ్బా నిండువరకు నీటిని కొలిచి పోయవలెను. పట్టిన నీరే ఖాళీ. పిమ్మట అడుగు కోసిన సీసాలో కంకర నింపి, మూతికి వల కట్టి, నడుమ రంగునీరు పోసినచో అది గోడవైపు ప్రాకుట కంటికి కనిపించును.

ఈ ప్రయోగము చేసిన విద్యార్థికి నల్లబల్లపై సున్నలు వట్టి సున్నలుగా తోచవు. పాఠములోని వాక్యమును కూడ అతడే దిద్దగలడు: "ద్రవము పలుచగా పరచుకొనుటకు ఉపరితలమును, రెండును నడచుటకు ఖాళీని ఒక్కచోటనే సమకూర్చునది ప్యాకింగు." పాత వాక్యము కంటె ఇది మూడు మాటలు ఎక్కువ. ఆ మూడు మాటలలోనే శాస్త్రమున్నది.