హాకర్ సెంటర్‌లో ఉపవాసం

2026లో లెంట్ మొదలయ్యే బూడిద బుధవారం ఫిబ్రవరి 18న పడింది. చైనీయుల కొత్త సంవత్సరానికి అది రెండో రోజు. సింగపూర్ అంతటా సెలవు. జంట నారింజపళ్లు పట్టుకుని చుట్టాలిళ్లకు వెళ్లడం, పిల్లల చేతుల్లో ఎర్ర కవర్లు పెట్టడం, బక్వా అనే కాల్చిన పంది మాంసం ముక్కలు నములుతూ కబుర్లు చెప్పుకోవడం ఆ రోజు పని. ఆ పూటల్లో చావు మాట ఎత్తకూడదు. ఇల్లు ఊడ్చి దుమ్ము బయట పోయకూడదు, దాంతోపాటు అదృష్టమూ పోతుందంటారు. సరిగ్గా ఆ రోజే గుడికి వెళ్తే ఫాదర్‌గారు నుదుట బూడిద రాసి, మంటి నుంచి వచ్చావు, మట్టిలోనే కలుస్తావని గుర్తుచేస్తారు. కిందటేడు మట్టల ఆదివారం నాడు చేత పట్టుకున్న కొమ్మల్నే కాల్చి ఆ బూడిద చేస్తారు. పండుగ పూట కదా అని ఉపవాసం సడలించే అధికారం పీఠాధిపతికి ఉంది. చావు సంగతి మాత్రం ఎవరూ సడలించలేరు. ఆ వారంలోనే రంజాన్ నెల కూడా మొదలైంది. ఒకే బ్లాకులో ఒకరింట విందు, పక్కింట రోజా, ఆ పై అంతస్తులో మన లెంట్.

మన తెలుగువైపు లూథరన్లు, బాప్టిస్టులు ఈస్టర్‌కు ముందటి ఈ నలభై రోజుల్ని శ్రమ దినాలంటారు. కథోలికులకు ఇది తపస్సు కాలం. పేరు ఏదైనా అది ఊరంతా కలిసి చేసే పని. సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూటం, నలభై రోజులూ ఇంట్లో నీసు బంద్. ఎగ్గొడదామన్నా ఎదురింటి మామ్మ ఊరుకోదు. సింగపూర్‌లో ఆ మామ్మ లేదు. 2020 జనాభా లెక్కల ప్రకారం పదిహేనేళ్లు దాటిన స్థానికుల్లో క్రైస్తవులు 18.9 శాతం. అందులో తెలుగువాళ్లు చెదురుమదురుగా ఉంటారు. కొందరు ఇంగ్లీషు ఆరాధనకు వెళ్తారు. కొందరు 1888 నుంచి తమిళ కథోలికుల గుడిగా ఉన్న ఓఫిర్ రోడ్డు లూర్దుమాత చర్చికి వెళ్తారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోను తెరిస్తే గుంటూరులోనో భీమవరంలోనో ఆరున్నర ప్రార్థన మొదలవుతూ ఉంటుంది. కూటం వినిపిస్తుంది గానీ కాపలా కాసేవాళ్లు ఉండరు. ఇక్కడ లెంట్ పాటించాలంటే ఎవరికి వారు పూనుకోవాల్సిందే. నా మట్టుకు అదే దానికి అసలు పరీక్ష.

ఆ పరీక్ష మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే ప్రాంగణంలో, మొదలవుతుంది. ఎకనామిక్ రైస్ కొట్టు ముందు నిలబడితే అద్దం వెనక ట్రేలలో కూరలు వరసగా కనిపిస్తాయి. నోరు తెరవక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. కొట్టు ఆంటీ గరిటెతో అన్నం మీద వేసి, పళ్లెంలో ఏమేమి పడ్డాయో ఒక్క చూపు చూసి ధర చెప్పేస్తుంది. మాంసం ముక్క ఉంటే ఒక రేటు, కూరాకు అయితే ఒక రేటు. శుక్రవారం వేలు తోఫూ మీదికీ తూటికూర మీదికీ జరుపుతాం. ఆ తూటికూరలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది, క్యాబేజీ పంది కొవ్వులో వేగి ఉండొచ్చు. 1966లో ఆరో పౌలు పోపు సవరించిన కథోలిక నియమం మాంసాన్నే వద్దంటుంది. గుడ్లనూ పాలనూ వంటకు వాడిన కొవ్వునూ అది పట్టించుకోదు. చేపలూ పీతలూ దాని లెక్కలో మాంసం కావు. అంటే శుక్రవారం రాత్రి దర్జాగా చిల్లీ క్రాబ్ ముందేసుకుని కూర్చున్నా నియమం తప్పినట్టు కాదు! మన ఇళ్లలో నీసంటే అన్నీ నీసే కాబట్టి ఈ సందు దొరకదు. సందు వెతికేవాడికి ఏ నియమమూ సరిపోదనుకోండి.

బూడిద బుధవారం, గుడ్ ఫ్రైడే ఈ రెండు రోజులే కథోలికులకు తప్పనిసరి ఉపవాసం. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు వాళ్లు ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలూ ఏదో కాస్త. వినడానికి తేలిక. ఆఫీసులో నాలుగింటికి ఎవరో పుట్టినరోజు కేకు తెచ్చినప్పుడు గానీ దాని బరువు తెలియదు. ఎందుకు వద్దంటున్నావో చెప్పాలా, కడుపు బాగాలేదని తప్పించుకోవాలా? యేసు చెప్పింది ఉపవాసం ఊరికి తెలియనీయవద్దనే. తల అంటుకుని, ముఖం కడుక్కుని మామూలుగా ఉండమన్నాడు. ఆరోగ్యం కోసం పస్తులుండే యాప్‌లు ఫోన్లలో ఉన్న కాలంలో ఆ మామూలుతనం తేలికే. అయితే ఆ యాప్‌కూ లెంట్‌కూ తేడా ఎక్కడుంది?

డబ్బు దగ్గర ఉంది. కూరముక్క మానేస్తే ఒకటో రెండో డాలర్లు మిగులుతాయి. ఆ మిగిలింది మన జేబులోనే ఉండిపోతే మనం చేసింది పొదుపు. యెషయా ప్రవక్త 58వ అధ్యాయంలో దేవుడు ఉపవాసాన్ని తిట్టినంత పని చేస్తాడు. ఆకలిగొన్నవాడికి నీ రొట్టె పెట్టనప్పుడు నువ్వు తల వంచుకుని గోనె కట్టుకుంటే నాకేమిటన్నది అక్కడి మాట సారం. తొలి శతాబ్దాల నుంచీ సంఘం ఉపవాసాన్నీ ప్రార్థననూ దానాన్నీ విడదీయనిది అందుకే. సింగపూర్ కథోలిక సంఘంలో ఏటా లెంట్‌లో కారితాస్ సింగపూర్ అనే సేవాసంస్థ చారిటీస్ వీక్ పేరుతో నిధులు సమకూరుస్తుంది. వలస కార్మికులకూ ఖైదీల కుటుంబాలకూ వృద్ధులకూ పనిచేసే సంస్థలకు ఆ డబ్బు వెళ్తుంది. జీతం రాగానే ఒక పెద్ద నోటు వేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ మానేసిన ముక్కల డబ్బు విడిగా తీసి వేసినప్పుడు, మన ఆకలి ఎంతకు సరితూగిందో మనకే తెలుస్తుంది. సాధారణంగా ఆ మొత్తం సిగ్గుపడేంత చిన్నది.

గుడ్ ఫ్రైడే ఇక్కడ సెలవు. సిలువ మీది ఏడు మాటల ఆరాధన ఆంధ్రాలో పన్నెండుకు మొదలైతే ఇక్కడ రెండున్నర. ఆలోపు సిటీ హాల్ స్టేషన్ పక్కన ఉన్న సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్ లోపలికి వెళ్లినవాళ్లు దాని గోడల్ని ఒకసారి చూడాలి. 1862లో ప్రతిష్ఠించిన ఈ గుడిని కట్టింది మన దేశం నుంచి ద్వీపాంతరం పంపిన ఖైదీలు. 1825 నుంచి అలా వచ్చినవాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లూ ఉన్నారు. గోడలకు పూసింది మద్రాసు చునం. ఇసుక లేని సున్నంలో గుడ్ల తెల్లసొన, ముతక పంచదార వేసి, కొబ్బరి పీచు నానిన నీళ్లు కలిపి ముద్ద చేశారు. పూత ఆరాక నున్నటి రాళ్లతో రుద్ది రుద్ది మెరుగుపెట్టి, బలపపు రాయి పొడి అద్దారు. బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి మన తాపీవాళ్లు చేసిన డంగు సున్నానికి ఇది దాయాది. గుడ్ ఫ్రైడే నాడు చదివే కథలోనూ ఒక ఖైదీ ఉన్నాడు. కొరడాలు తిని, ఇద్దరు దొంగల మధ్య మరణశిక్ష అనుభవించినవాడు. ఆయన గుడిని ఖైదీలు కట్టారన్న సంగతికి మించిన గుడ్ ఫ్రైడే ప్రసంగం నాకు తట్టదు.

రాత్రికి విక్టోరియా స్ట్రీట్‌లోని సెయింట్ జోసెఫ్ చర్చి ఆవరణ కొవ్వొత్తులతో నిండిపోతుంది. పోర్చుగీసు మూలాలున్న యురేషియన్ల ఆచారం అది. సిలువ మీది నుంచి దించిన క్రీస్తు ప్రతిమను పాడె మీద పెట్టి ఊరేగిస్తారు. చావింట్లో మాదిరిగానే జనం వెంట నడుస్తారు.

ఇక ఈస్టర్. తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లకుండా మనవాళ్లకు ఈస్టర్ లేదు. ముందురోజే కలుపు పీకి, సున్నం వేసి, పూలు పరిచి, చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగిస్తారు. సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీల నడకే అది. సింగపూర్‌లో ఆ నడకకు చోటు తక్కువ. ఖననం జరిగేది ఒక్క చోవా చూ కాంగ్‌లోనే. అక్కడా 1998 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం పదిహేనేళ్లే గడువు. తర్వాత తవ్వి తీస్తారు, మనవాళ్లవైతే దహనం చేసి బూడిదను గూట్లో పెడతారు. బిడదారి క్రైస్తవ శ్మశానం ఉన్నచోట ఇప్పుడు ఇళ్ల బ్లాకులు లేచాయి. మొదట్లో ఇది వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ మత్తయి సువార్త ప్రకారం యేసును పెట్టింది అరిమతయి యోసేపు తన కోసం తొలిపించుకున్న సమాధిలో. అదీ పరాయివాడి చోటే, అక్కడ ఆయన ఉన్నది మూడో రోజు దాకా. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చింది. చైనీయులు పెద్దల సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ కూడా అదే రోజు. చీపురూ పూలూ పట్టుకుని బయల్దేరేవాళ్లకు ఆ రోజు కొదవుండదు.

సోమవారం ఆఫీసు. ఈస్టర్ సోమవారం ఒకప్పుడు ఇక్కడ సెలవే. 1968లో సెలవులు తగ్గించినప్పుడు అది పోయింది, గుడ్ ఫ్రైడే మిగిలింది. హిందువులకు తైపూసం పోయి దీపావళి మిగిలినట్టే. సంఘం క్యాలెండర్లో ఈస్టర్ పండుగ కాలం పెంతెకొస్తు దాకా యాభై రోజులు. నలభై రోజుల శ్రమకు మనకు ఇన్ని పద్ధతులున్నాయి, యాభై రోజుల సంతోషానికి ఒక్కటీ లేదు. ఆదివారం బిర్యానీతో సరి. ఇంటింటి ప్రార్థన తిరిగే అలవాటును ఆ యాభై రోజులకు కూడా సాగదీసి, వలస కార్మికుల డార్మిటరీల్లో ఉండే మన కుర్రాళ్లను భోజనానికి పిలిస్తే బాగుంటుంది. వాళ్లలో చాలామందికి ఆదివారమే ఖాళీ, అదీ ఓవర్‌టైమ్ పడకపోతే.